గదిలో వెలుతురుని బట్టి మానిటర్ బ్రైట్‌నెస్ దానంతటదే మారేలా చెయ్యొచ్చా? కళ్ళు మండిపోతున్నాయి

గుమ్మడిపువ్వు
మే 9, రాత్రి 11:52

అందరికీ నమస్కారం. మాది కాకినాడ. ఇంట్లో కూర్చుని సబ్‌టైటిళ్ళ పని చేస్తాను, పొద్దున ఓ రెండు గంటలు, భోంచేశాక ఒక విడత, మళ్ళీ రాత్రి పిల్లలు పడుకున్నాక. టేబుల్ పడమటి కిటికీ పక్కనే ఉంది, ఇంట్లో ఇంకెక్కడా చోటు లేదు. రెండు దాటితే ఎండ గదిలోకి దూసుకొచ్చేస్తుంది, తెర మీద అక్షరం కనబడదు, బ్రైట్‌నెస్ వందకి పెడతాను, రాత్రికి ఆ సంగతి మర్చిపోయి ఆన్ చేస్తానా, మొహం మీద టార్చి కొట్టినట్టే.

నిన్నైతే మధ్యలో కరెంటు పోయింది. సిస్టం ఇన్వర్టర్ మీద ఉంది, ఆ గదిలో ట్యూబులైటు మాత్రం దాని మీద లేదు. చిమ్మచీకట్లో ఆ తెల్ల తెర ఒక్కటే. పది నిమిషాలు అలాగే పని చేసి లేచేసరికి గుమ్మం ఎక్కడుందో కూడా తెలీలేదు, వెళ్ళి బీరువాకి గుద్దుకున్నాను.

ఫోన్ దానంతటదే తగ్గించుకుంటుంది, పెంచుకుంటుంది. 24 ఇంచీల మానిటర్‌కి ఆ మాత్రం తెలివి ఎందుకు లేదు? వెనకాల కింద అయిదు బటన్లున్నాయి, చెయ్యి పెట్టి తడుముతూ ప్రతిసారీ ఆఫ్ బటనే నొక్కుతాను. సొంత డెస్క్‌టాప్, విండోస్ కాదు, ఉబుంటు లినక్స్. దారి ఉంటే చెప్పండి.

సీమటపాకాయ్
మే 10, ఉదయం 7:15

అక్కా సింపుల్. ఒక కర్టెన్ కొనుక్కో.

గుమ్మడిపువ్వు
మే 10, ఉదయం 7:40

ఉంది నాయనా. కర్టెన్ వేస్తే గాలి రాదు. మే నెలలో కాకినాడ వచ్చి ఒకసారి కిటికీ మూసుకుని కూర్చో.

వరంగల్‌సారు
మే 10, ఉదయం 8:30

ఫోన్‌కి ఆ తెలివి ఎట్లొచ్చిందో ముందు చెప్తా. ఫోన్ పైభాగంలో, ఇయర్‌పీస్ పక్కన చిన్న లైట్ సెన్సర్ ఉంటది (ఇప్పటి ఫోన్లల్లో తెర కిందనే పెడుతున్నరు). అది చుట్టూ ఉన్న వెలుతురుని లక్స్‌లో కొలుస్తది. రాత్రి ఇంట్లో ట్యూబులైటు కింద వందా నూటయాభై ఉంటే, ఆఫీసులో 300 నుంచి 500, నడినెత్తిన ఎండలో లక్ష దాకా పోతది. తెర ఇచ్చే వెలుగుని నిట్స్‌లో చెప్తరు. లక్స్ ఇంతుంటే నిట్స్ ఇన్ని అని ఫోన్‌ల ఒక పట్టిక ఉంటది, మొత్తం కథ అంతే.

మామూలు మానిటర్లల్ల ఆ సెన్సర్ పెట్టరు, ఖర్చు మిగుల్చుకుంటరు. కానీ కంప్యూటర్ నుంచి మానిటర్‌కి "బ్రైట్‌నెస్ ఇంత పెట్టు" అని చెప్పే దారి మాత్రం ఎప్పటినుంచో ఉంది. డీడీసీ సీఐ అంటరు, 1998 నాటిది. హెచ్‌డీఎంఐ వైరులోనే బొమ్మతో పాటు ఈ ముచ్చట కూడా నడుస్తది. ఉబుంటుల డీడీసీయుటిల్ అని ఒక టూల్ ఉంది, ఇన్‌స్టాల్ చేసి డిటెక్ట్ అని కొట్టండి, మీ మానిటర్ పేరు కనిపిస్తే సగం పని అయినట్టే. బ్రైట్‌నెస్ కోడ్ 10, కాంట్రాస్ట్ కోడ్ 12. పొరపాటున 12 జోలికి పోకండి, నలుపు తెలుపు అన్నీ ఒక్కటైతయ్.

సీమటపాకాయ్
మే 10, ఉదయం 9:05

సార్ నాకు ఆఫీసు ల్యాప్‌టాప్, వాళ్ళు ఏ సాఫ్ట్‌వేరూ వేసుకోనియ్యరు. కాలిక్యులేటర్ ఓపెన్ చేసినా అడ్మిన్ పాస్‌వర్డ్ అడిగేలా ఉన్నాడు. నా గతేంటి?

వరంగల్‌సారు
మే 10, ఉదయం 9:20

మానిటర్ మెనూలకు పోయి షార్ట్‌కట్ బటన్ సెట్టింగ్ ఉందేమో చూడు. ఒక బటన్ నొక్కంగనే నేరుగా బ్రైట్‌నెస్ వచ్చేటట్టు పెట్టుకోవచ్చు చాలా మోడళ్ళల్ల. దానికి ఎవడి పర్మిషనూ అక్కర్లేదు.

బండిమీదబతుకు
మే 10, మధ్యాహ్నం 3:48

అన్నా నా కథ ఉల్టా. నేను డెలివరీ చేస్త, కూకట్‌పల్లి దిక్కు. మధ్యాహ్నం రెండింటికి ఫోన్ హోల్డర్‌ల పెట్టి మ్యాప్ చూస్కుంట పోతుంటె బ్రైట్‌నెస్ ఫుల్ ఉన్నా ఒక్కసారిగ డల్ అయిపోతది, మల్ల ఎంత జరిపినా పెరగదు. బండి పక్కకాపి చొక్కా అడ్డం పెట్టుకుని చూస్కోవాలె. కస్టమర్ ఏమో ఎక్కడున్నవ్ ఎక్కడున్నవ్ అని ఫోన్. సెన్సర్ ఖరాబైందంటవా? షాపోడైతే డిస్‌ప్లే మార్చాలె, నాలుగున్నర వేలు అంటుండు.

వరంగల్‌సారు
మే 10, సాయంత్రం 5:10

తమ్మీ పైసలు ఇయ్యకు. అది సెన్సర్ కాదు, వేడి. ఎండల ఫోన్ కాలిపోతుంటే అది తనను తాను కాపాడుకోనీకి తెర వెలుగు తగ్గిస్తది, అప్పుడు నువ్వు స్లయిడర్ ఎంత జరిపినా వినదు. నీడకు తీసుకపోయి పది నిమిషాలాగితే మళ్ళీ మామూలైతదా లేదా? అయితే మాత్రం డిస్‌ప్లేకి ఏ రోగం లేదు.

ఆ టైంల బండి మీద ఛార్జింగ్ పెట్టకు, ఛార్జింగ్ వేడి దానికి తోడైతది. వెనక రబ్బరు పౌచ్ తీసెయ్. హోల్డర్ మీద చిన్న గొడుగులాంటివి అమ్ముతున్నరు చూడు, నవ్వుతరని సిగ్గుపడకు, పెట్టుకో. మ్యాప్ డార్క్ మోడ్‌ల ఉంటే తీసేసి తెల్లది పెట్టు, ఎండల నల్ల తెర మీద నీ మొహమే కనిపిస్తది. వేడిగున్న ఫోన్‌ని మాత్రం ఫ్రిజ్‌ల పెట్టకు, లోపల తేమ పడుతది.

బండిమీదబతుకు
మే 10, రాత్రి 10:30

అయితది అన్నా, నీడకు పోతే అయితది. నాలుగున్నర వేలు మిగిలినయ్. ఇంకోటి, ఆటో తీసేసి నేనే ఫుల్ పెట్టుకుంట. అది మంచిదేనా?

చలిదేశం
మే 11, తెల్లవారుజాము 2:20

ఎండలో తిరిగేవాళ్ళు ఆటో తియ్యకూడదు బ్రదర్. ఇది చాలామందికి తెలీదు. చాలా ఫోన్లలో చేత్తో స్లయిడర్‌ని చివరిదాకా లాగినా వచ్చేది అసలు గరిష్ఠం కాదు. ఆటో ఆన్‌లో ఉండి, సెన్సర్‌కి బాగా ఎండ తగిలితేనే ఆ పై మెట్టు ఎక్కుతుంది. ఐఫోన్ 14 ప్రోకి 2000 నిట్స్ అని చెప్పుకున్నారు కదా, అది కూడా బయట ఎండలో మాత్రమే. గదిలో కూర్చుని ఎంత లాగినా అంత రాదు. దాంట్లో ఆటో ఆప్షన్ ఎక్కడ దాచారంటే డిస్‌ప్లే సెట్టింగుల్లో కాదు, యాక్సెసిబిలిటీలో. మా ఆవిడ ఫోన్‌లో అది వెతకడానికి నాకు అరగంట పట్టింది.

నేనుండేది స్వీడన్‌లో, గోథెన్‌బర్గ్. ఇక్కడ డిసెంబర్‌లో మధ్యాహ్నం మూడున్నరకే చీకటి, జూన్‌లో రాత్రి పదింటికి కూడా పేపర్ చదువుకోవచ్చు. కొత్తలో నేనూ తెలివిగా సాయంత్రం ఆరుకి తగ్గు, పొద్దున ఏడుకి పెరుగు అని టైం పెట్టుకున్నాను. జూన్‌లో సాయంత్రం ఆరంటే ఇక్కడ పట్టపగలు, తెర చూస్తే చచ్చిన చేప కన్నులా ఉండేది. గుమ్మడిపువ్వు గారూ, ఎవరైనా టైం పెట్టుకోమని సలహా ఇస్తే వినకండి. కాకినాడలోనైనా మబ్బు పట్టిందంటే టైం లెక్క తప్పుతుంది.

బండిమీదబతుకు
మే 11, ఉదయం 6:50

గిన్ని రోజులు నేనే తగ్గించుకుని తిరుగుతున్న అన్నట్టు. థాంక్స్ అన్నా, ఇయ్యాల్టి నుంచి ఆటో.

తాతయ్య54
మే 11, ఉదయం 6:55

చిరంజీవులందరికీ ఆశీస్సులు. నేను పోస్టల్ డిపార్ట్‌మెంటులో చేసి రిటైరైనవాడిని, తెనాలి. టాబ్లెట్‌లో పాత పత్రికలు చదువుకోవడం అలవాటు. కంటిలో శుక్లాలుండి ఎప్పుడూ ఫుల్ బ్రైట్‌నెస్ పెట్టుకునేవాడిని. మొన్న నెల కుడికంటికి ఆపరేషన్ అయ్యింది. అప్పట్నుంచి అదే టాబ్లెట్ భరించలేకుండా ఉన్నాను, తెల్ల పేజీ నీలంగా మెరుస్తోంది. మనవడు టాబ్లెట్ పాడైంది కొత్తది కొందాం తాతా అంటున్నాడు.

కంటిచూపు_బెజవాడ
మే 11, ఉదయం 9:40

తాతగారూ నమస్కారమండీ. నేను ఆప్టోమెట్రిస్టుని, అంటే చూపు పరీక్షించి అద్దాలు రాస్తాను, డాక్టర్ని కాదు, ఆ తేడా ముందే చెప్పేస్తున్నాను. మీ టాబ్లెట్ బానే ఉంది. వయసుతో మన సొంత లెన్స్ పసుపు రంగుకి తిరుగుతుంది, శుక్లం ముదిరేకొద్దీ ఆ పసుపు ఇంకా పెరుగుతుంది, నీలం వెలుగుని లోపలికి సరిగా రానివ్వదు. అన్నేళ్ళూ మీరు పసుపు అద్దంలోంచి చూశారు. ఇప్పుడు వేసింది తేట లెన్స్. ఒక కన్ను మూసి ఒక కన్ను తెరిచి గోడ మీద తెల్ల సున్నం చూడండి, ఏ కంటికి ఎలా కనిపిస్తుందో మీకే తెలుస్తుంది. మెదడు కొన్ని వారాల్లో దీనికి సర్దుకుంటుంది. నొప్పి, ఎరుపు, చూపు మసకబారడం లాంటివి ఉంటే మాత్రం ఆగకుండా ఆపరేషన్ చేసినవాళ్ళకి చూపించుకోండి.

బ్రైట్‌నెస్‌కి నంబరంటూ ఏదీ లేదండీ, అందరూ నన్ను ఎంత శాతం పెట్టాలి అనే అడుగుతారు. ఒక తెల్ల కాగితం తీసుకుని తెర పక్కనే పట్టుకోండి. తెర మీద ఖాళీ తెల్ల పేజీ పెట్టండి. కాగితం కంటే తెర దీపంలా వెలిగిపోతుంటే ఎక్కువైనట్టు, కాగితం ముందు తెర బూడిద రంగులో కనిపిస్తే తక్కువైనట్టు. రెండూ ఒక ఇంట్లో పిల్లల్లా కలిసిపోవాలి. గదిలో లైటు మారితే మళ్ళీ చూసుకోవాలి, అంతే.

తాతయ్య54
మే 11, ఉదయం 11:20

గోడ చూశానమ్మా. ఎడమకంటికి నేతి రంగు, కుడికంటికి పాల రంగు. ఇంటికి సున్నం వేయించి ఆరేళ్ళైంది, పాతబడింది అనుకుంటున్నాను, నిజానికి తెల్లగానే ఉంది. మా ఆవిడ పకపకా నవ్వుతోంది.

కాగితం పెట్టి చూస్తే టాబ్లెట్ 20 దగ్గర కుదిరింది. రాత్రి పూట సున్నా పెట్టినా ఎక్కువే అనిపిస్తోంది.

చలిదేశం
మే 11, మధ్యాహ్నం 1:15

తాతగారూ మీది ఆండ్రాయిడ్ 12 గానీ ఆ పైది గానీ అయితే ఎక్స్‌ట్రా డిమ్ అని ఒకటుంటుంది, పైనుంచి కిందకి లాగితే వచ్చే గడుల్లో చూడమనండి మనవడిని. సున్నా కంటే కిందకి తీసుకెళ్తుంది.

సీమటపాకాయ్
మే 11, మధ్యాహ్నం 1:30

ఇంత గొడవెందుకు, అందరూ డార్క్ మోడ్ పెట్టుకుని నీలం వెలుగుని ఆపే బ్లూ కళ్ళజోడు కొనుక్కుంటే పోలా? నేను 1800 పెట్టి కొన్నా.

కంటిచూపు_బెజవాడ
మే 11, మధ్యాహ్నం 2:45

నా పొట్ట మీద నేనే కొట్టుకుంటున్నాను కానీ చెప్తాను 🙂 ఆ కళ్ళజోళ్ళ మీద 2023లో కాక్రేన్ అని వైద్య పరిశోధనల్ని సమీక్షించే సంస్థ వాళ్ళ సమీక్ష వచ్చింది, ఉన్న పరిశోధనలన్నీ కలిపి చూసి మామూలు అద్దాలతో పోలిస్తే కంప్యూటర్ వల్ల కళ్ళు అలిసిపోవడంలో బహుశా తేడా ఉండదు అని తేల్చారు. కళ్ళు మండేది ఎక్కువగా రెప్ప వెయ్యకపోవడం వల్ల. తెర చూస్తున్నప్పుడు మనం రెప్పలు తక్కువ వేస్తాం, ఆ పైన ఫ్యాను గాలి నేరుగా మొహానికి కొడుతుంటే కళ్ళు ఎండిపోతాయి.

డార్క్ మోడ్ కొందరికి హాయిగానే ఉంటుంది. ఆస్టిగ్మాటిజం (కంటి ముందుభాగం వంపు అన్నివైపులా ఒకేలా లేకపోవడం) ఉన్నవాళ్ళకి నల్ల తెర మీద తెల్ల అక్షరాలు చెదిరినట్టు కనిపిస్తాయి, మన గుండ్రటి తెలుగు అక్షరాలైతే ఒత్తులూ గుణింతాలూ కలిసిపోయి ఇంకా కష్టం. ఎవరికి వాళ్ళు చూసుకోవాల్సిందే.

గుమ్మడిపువ్వు గారూ, చీకటి గదిలో తెల్ల తెర చూసి లేస్తే గుమ్మం కనపడకపోవడం సహజం, కన్ను చీకటికి పూర్తిగా అలవాటు పడాలంటే ఇరవై ముప్ఫై నిమిషాలు పడుతుంది. మానిటర్ వెనక గోడకి చిన్న బల్బు పెట్టుకోండి, అది ఇన్వర్టర్ మీదే ఉండేలా. మీరు మెషీన్‌తో ఏం చేసినా ఇది మాత్రం చెయ్యండి.

గుమ్మడిపువ్వు
మే 12, రాత్రి 12:35

డీడీసీయుటిల్ వేశాను. మొదట మానిటరే కనబడలేదు. గంట కొట్టుకున్నాక తెలిసిందేంటంటే నా దగ్గర వీజీఏ (పాతరకం మానిటర్ వైరు) అడాప్టర్ ఒకటి మధ్యలో ఉంది, అది తీసి నేరుగా హెచ్‌డీఎంఐ పెడితే వచ్చింది. తర్వాత కమాండ్ ఇస్తే ఏ మార్పూ లేదు, మెనూలో చూస్తే బ్రైట్‌నెస్ గడి మసకగా ఉంది, నొక్కనివ్వట్లేదు. పిక్చర్ మోడ్ ఎస్ఆర్‌జీబీలో (రంగులు ఒక ప్రమాణం ప్రకారం చూపించే మోడ్) ఉంది, అందులో బ్రైట్‌నెస్‌కి తాళం వేసేస్తాడట! కస్టమ్‌కి మార్చాను. 30 అని కొట్టగానే తెర వెలుగు తగ్గింది చూశారూ, పిల్లలు నిద్రలేచేలా అరిచాను.

ఇప్పుడు కొలిచేది ఎలా? వెబ్‌క్యామ్‌తో వెలుతురు చూసుకునే క్లైట్ అనే ప్రోగ్రాం ఉందని చదివాను, కానీ కెమెరా అస్తమానం నన్ను చూస్తూ ఉండటం నాకు నచ్చదు.

వరంగల్‌సారు
మే 12, ఉదయం 8:10

శభాష్. కెమెరా వద్దు. బీహెచ్1750 అని సెన్సర్ ఉంది, చిటికెన వేలి గోరంత, బోర్డుతో కలిపి నాకు నూటయాభైకి దొరికింది. నేరుగా లక్స్‌లోనే చెప్తది, 65535 దాకా. నాలుగు వైర్లు చాలు, కరెంటువి రెండు, డేటావి రెండు. ఒక ఆర్డుయినో నానోకి (మనం ప్రోగ్రాం రాసుకునే చిన్న బోర్డు) కలిపి యూఎస్‌బీల గుచ్చితే నంబర్లు వస్తుంటయ్. మా ఫస్టియర్ పిల్లలు ఒక మధ్యాహ్నంల చేస్తరు.

మూడు జాగ్రత్తలు. సెన్సర్‌ని తెరకు ఎదురుగ పెట్టకండి. తెర వెలుగు దాని మీద పడి, ఇంకా పెంచి, అది చూసి మళ్ళీ పెంచి, అట్ల పైకే పోతుంటది. మానిటర్ నెత్తి మీద, మీ మొహం దిక్కు చూసేటట్టు పెట్టండి. ఇంకోటి, లక్స్‌కీ శాతానికీ సమాన అడుగులు వెయ్యకండి, కన్ను అట్ల పని చెయ్యదు. 10 నుంచి 100 లక్స్‌కి పోవుడు, 100 నుంచి 1000కి పోవుడు కంటికి దాదాపు ఒకే అంత అడుగు. నాలుగైదు వెలుతురుల్లో కాగితం పెట్టి చేత్తో కుదుర్చుకుని ఆ జతలు రాసుకోండి, మధ్యల ఉన్నవాటికి లాగ్ స్కేల్ మీద, అంటే పదింతలకు ఒక అడుగు చొప్పున, గీత గీసినట్టు లెక్కేస్తే చాలు. మూడోది, క్షణక్షణం మార్చకండి. కొన్ని మానిటర్లు ప్రతి మార్పునీ లోపల మెమరీల రాసుకుంటయ్, దానికి ఇన్నిసార్లే రాయాలె అని లెక్క ఉంటది.

గుమ్మడిపువ్వు
మే 19, రాత్రి 11:20

వారం పట్టింది. సెన్సర్ వచ్చింది, మా తమ్ముడి చేత టంకం వేయించాను, స్క్రిప్టు నేనే రాసుకున్నాను. పగలంతా బ్రహ్మాండం. రాత్రి ట్యూబులైటు వెయ్యగానే తెర ఊపిరి తీసుకుంటున్నట్టు పెరుగుతూ తగ్గుతూ పెరుగుతూ తగ్గుతూ... నంబర్లు చూస్తే 131, 96, 128, 99 ఇలా. ట్యూబులైటు మిణుకుమిణుకు అనుకుని కొత్తది వేయించాను, అయినా అంతే. సెన్సర్ పోయిందంటారా?

వరంగల్‌సారు
మే 20, ఉదయం 7:45

ఫ్యాన్ ఎంతల తిరుగుతుంది?

గుమ్మడిపువ్వు
మే 20, ఉదయం 7:52

రెండులో. ఎందుకు?

వరంగల్‌సారు
మే 20, ఉదయం 8:15

అదే దొంగ. ట్యూబులైటుకీ సెన్సర్‌కీ మధ్యల ఫ్యాన్ రెక్కల నీడ పోతున్నది. కరెంటు వల్ల వచ్చే మిణుకుని ఆ సెన్సర్ తనే వడకట్టుకుంటది, దానికది తెలుసు. ఒక్కో కొలతకు దాదాపు 120 మిల్లీసెకన్లు తీసుకుంటది. ఫ్యాన్ రెండుల ఉంటే నిమిషానికి ఏ రెండొందల చుట్లో అనుకుందాం, మూడు రెక్కలు, సెకనుకి పది నీడలు. అంటే ఒక కొలతల ఒక నీడ పడుతది, ఇంకో కొలతల రెండు పడుతయ్. అందుకే ఆ ఊగుడు.

ముప్ఫై సెకన్ల కొలతలు తీసుకుని, చిన్నదాన్నుంచి పెద్దదాకా వరుసల పెట్టి మధ్యలోది వాడండి. ఆ మీద, ఇంతకు ముందు దానికంటే కనీసం పాతిక శాతం మారితేనే మానిటర్‌కి చెప్పండి. పెంచుడు తొందరగ, తగ్గించుడు మెల్లగ. ఆండ్రాయిడ్ అసలు కోడ్‌ల కూడా ఇదే పద్ధతి, వెలుతురు పెరిగితే 4 సెకన్లు చూస్తది, తగ్గితే 8 సెకన్లు చూస్తది. ఎవరో చెయ్యి అడ్డం పెట్టినంత మాత్రాన ఫోన్ ఎగిరిపడకుండా.

సీమటపాకాయ్
మే 20, ఉదయం 8:40

కొత్త ట్యూబులైటు డబ్బులు ఫ్యాన్ దగ్గర వసూలు చెయ్యండి అక్కా.

గుమ్మడిపువ్వు
మే 23, రాత్రి 10:05

కుదిరింది! టేబుల్ టెన్నిస్ బంతి సగానికి కోసి సెన్సర్ మీద టోపీలా పెట్టాను, ఒకవైపు నుంచి ఎండ పడినా లెక్క తప్పట్లేదు. మా గది లెక్కలు ఎవరికైనా పనికొస్తాయేమో: కరెంటు పోయి వెనక బల్బు ఒక్కటే ఉంటే 4 లక్స్, మానిటర్ 6. ట్యూబులైటు కింద 115, మానిటర్ 32. పొద్దున కిటికీ వెలుతురు 380, మానిటర్ 55. మధ్యాహ్నం మూడింటికి ఎండ వస్తే రెండు వేలు దాటుతుంది, అప్పుడు వంద పెట్టినా చాలదు, అదొక్కటే ఇంకా తీరలేదు.

కంటిచూపు_బెజవాడ
మే 23, రాత్రి 10:50

అది తీరదండీ. తెర మీద నేరుగా పడే ఎండతో 250 నిట్స్ మానిటర్ పోటీ పడలేదు. టేబుల్‌ని ఓ మూరెడు జరిపి కిటికీ మీ భుజం పక్కకి వచ్చేలా చూడండి, తెరకి ఎదురుగా గానీ వెనక గానీ కాకుండా.

గుమ్మడిపువ్వు
మే 26, ఉదయం 9:30

జరిపాను. గాలీ వస్తోంది, అక్షరమూ కనబడుతోంది.

కానీ రాత్రి పన్నెండింటికి మంచి ఊపులో ఉండగా తెర చప్పున ఆరుకి పడిపోయింది. ట్యూబులైటు వెలుగుతూనే ఉంది, ఫ్యాన్ నాలుగులో ఉంది, స్క్రిప్టు బానే నడుస్తోంది. మళ్ళీ ఏ నీడరా బాబూ అని లేచి చూస్తే బల్లి. వెలుగుకి వచ్చే పురుగుల కోసం మానిటర్ ఎక్కి, సరిగ్గా ఆ బంతి మీద బోర్లా పడుకుని ఉంది. సార్, దీనికి ఎన్ని సెకన్లు పెట్టమంటారు?

వరంగల్‌సారు
మే 26, ఉదయం 9:41

దానికి జవాబు మా సిలబస్‌ల లేదమ్మా.